నీలం పావడా పిల్ల

చెన్నకేశవయ్య మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన అవునని గానీ కాదని గానీ అనేవారు కారు. అడిగినవాడి ముఖం కాసేపు చూసి, తనకు తెలిసిన మనిషి ఒకరి సంగతి ఎత్తుకునేవారు. సంగతి అయిపోయాక మేమే ఏదో ఒకటి అర్థం చేసుకుని ఇళ్ళకు పోవాలి. కొందరికి ఈ పద్ధతి నచ్చేది కాదు. నాలుగు ముక్కల్లో తేలిపోయేదానికి ఇంత దూరం తిప్పడం ఎందుకని దారిలో గొణుక్కునేవాళ్ళు. అయినా మళ్ళీ ఆదివారం వచ్చేసరికి మార్కాపురంలో ఆయన అద్దెకుంటున్న పెంకుటింటి వసారాలో అందరికంటే ముందు వాళ్ళే ఉండేవాళ్ళు. చుట్టుపక్కల బళ్ళలో కొత్తగా చేరిన పంతుళ్ళం అలా ఏడెనిమిది మందిమి ఆయన దగ్గర చేరేవాళ్ళం. ఆయన రిటైరై చాలాకాలమైంది. మాకు నేర్పే బాధ్యత మాత్రం ఇంకా తన మీదే ఉందనుకునేవారు.

ఆ ఆదివారం ప్రశ్న తెచ్చినవాడు తిరుపాలు. చిన్న వయసులోనే ఒక ప్రైవేటు హైస్కూలుకు హెడ్మాస్టరైనవాడు, మాలో అందరికంటే చురుకైనవాడు. వాళ్ళ బడిలో పిల్లలకు యూనిఫాం పెట్టాలా వద్దా అని కమిటీ రెండుగా చీలిపోయింది. పెడితే క్రమశిక్షణ వస్తుందని సగం మంది, గుడ్డతో బుద్ధి రాదని సగం మంది. తిరుపాలు తీరిక చేసుకుని ఆ విషయం మీద చాలా చదివాడు. చదివినదాంట్లో కూడా కొందరు నడవడి బాగుపడిందన్నారు, కొందరు ఏమీ మారలేదన్నారు. అదంతా మాస్టారి ముందు వరసగా చెప్పి, చివరకు అడిగాడు.

"యూనిఫాం వల్ల పిల్లల నడవడి మారుతుందా మాస్టారూ? చదువు పెరుగుతుందా? రేపు కమిటీలో నేను ఏదో ఒకటి తేల్చి చెప్పాలి."

మాస్టారు అతని వంక చూశారు. తరువాత, దక్షిణామూర్తి అని తనకు బాగా కావలసిన హెడ్మాస్టరు ఒకాయన ఉండేవాడనీ, ఇది ఆయన బడిలో జరిగిందనీ, రిటైరయ్యాక ఒకనాడు ఆయనే తనకు చెప్పాడనీ అన్నారు. మాస్టారు చెప్పిన సంగతి నాకు గుర్తున్నంతవరకు ఇది.

దక్షిణామూర్తి పనిచేసిన ఊరు పడమటి కొండల వైపు, పలకల గనుల మధ్య ఉంది. పిల్లలు బలపంతో రాసుకునే పలకలు అక్కడి రాతి నుంచే వస్తాయి. గనుల యజమానుల పిల్లలూ, గనుల్లో రాయి తీసేవాళ్ళ పిల్లలూ, షెడ్లలో పలకలు కోసేవాళ్ళ పిల్లలూ అందరిదీ ఒకటే బడి. ఆయన వచ్చిన కొత్తలో ఎవరికి ఏవి ఉంటే అవి తొడుక్కుని వచ్చేవాళ్ళు. యజమానుల పిల్లలవి ఇస్త్రీ బట్టలు. కూలివాళ్ళ పిల్లల బట్టలకు రాతిదుమ్ము బూడిదరంగు పట్టేసి, ఎంత ఉతికినా వదిలేది కాదు. ఎవరు ముందు బెంచీలో కూర్చోవాలో, ఎవరు గోడ వారగా కూర్చోవాలో ఆ బట్టలే చెప్పేవి. పంతుళ్ళు కూడా ఎవరి చెవి మెలిపెట్టవచ్చో, ఎవరిని బాబూ అని పిలవాలో బట్టలు చూసే నిర్ణయించుకునేవాళ్ళు. దక్షిణామూర్తి ఇది సహించలేకపోయాడు. యజమానుల ఇళ్ళ చుట్టూ తిరిగి, వాళ్ళను ఒప్పించి, బడి మొత్తానికి ఒకే గుడ్డ తెప్పించాడు. ఆడపిల్లలకు నీలం పావడా, తెల్ల చొక్కా. రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకోవాలి. మగపిల్లలకు నీలం నిక్కరు, తెల్ల చొక్కా.

ఏడాది తిరక్కుండా మార్పు కనిపించింది. పిల్లలు కలిసి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆలస్యంగా వచ్చేవాళ్ళు తగ్గారు, కొట్లాటలు తగ్గాయి. కూలివాళ్ళ పిల్లలు లేచి నిలబడి ప్రశ్నలు అడిగారు. దక్షిణామూర్తి గర్వపడ్డాడంటే అందులో తప్పు లేదు. ఆయన మంచివాడని మాస్టారు ఇక్కడ ఆగి, తిరుపాలు వైపు తిరిగి మరోసారి చెప్పారు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, వెతకవద్దు అన్నారు.

ఆ ఊళ్ళో మార్తమ్మ అని ఒకావిడ పలకల షెడ్డులో పనిచేసేది. కోసిన పలకలకు చెక్క చట్రాలు బిగించడం ఆమె పని. భర్త గనిలో దుమ్ము పీల్చి పీల్చి, దగ్గి దగ్గి, నలభై దాటకుండానే పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు, సువార్త. ఏడో తరగతి. చదువులో మరీ గొప్పది కాదు, మరీ వెనకా కాదు. నెమ్మదైన పిల్ల. యూనిఫాం ఇచ్చిన రోజున ఆ పిల్ల ఇంటికి వచ్చాక కూడా దాన్ని విప్పనని మొండికేసి, నలిగిపోతుందని నిలబడే అన్నం తిన్నదట. మార్తమ్మ షెడ్డు నుంచి ఇంటికి పోయే దారిలోనే బడి ఉంది. సాయంత్రం గంట కొట్టే వేళకు ఆమె గేటు దగ్గరికి వచ్చి నిలబడేది. సువార్త పరుగెత్తుకుంటూ వచ్చేది. ఇద్దరూ చెయ్యి పట్టుకుని నడిచిపోయేవాళ్ళు. ఈ పొద్దు బళ్ళో ఏం చెప్పినారని తల్లి అడిగేది. ఆమె ఎన్నడూ బడికి పోలేదు. వేల పలకలకు చట్రాలు బిగించింది గానీ ఒక్క పలక మీద ఒక్క అక్షరం రాసి ఎరగదు. కూతురు చెప్పేది వింటూ నడవడమే ఆమెకు చదువు.

వానాకాలంలో సువార్తకు జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రలతో తగ్గినట్టే తగ్గి, మళ్ళీ వచ్చింది. కళ్ళు పచ్చబడ్డాక ఒంగోలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పిల్లను తిరిగి తెచ్చింది అంబులెన్సులోనే. పాస్టరుగారు ప్రార్థన చేసేముందు, పిల్లకు మంచి బట్టలు కట్టమన్నారు. ఆ ఇంట్లో ఉన్నవాటిలో మంచి బట్టలు ఆ నీలం పావడా, తెల్ల చొక్కానే. వాటిలోనే ఆ పిల్లను సమాధి చేశారు.

మార్తమ్మ కొన్నాళ్ళు ఇంట్లో ఉండి, మళ్ళీ పనికి వచ్చింది. మునుపటిలాగే చట్రాలు బిగించింది, కూలి తీసుకుంది, పలకరించినవాళ్ళతో మాట్లాడింది. మతి చెడిందని ఎవరూ అనడానికి లేదు. అయితే సాయంత్రం గంట కొట్టే వేళకు ఆమె కాళ్ళు గేటు దగ్గర ఆగిపోయేవి. గంట మోగేది. పిల్లలందరూ ఒక్కసారిగా బయట పడేవాళ్ళు. అన్నీ నీలం పావడాలే, అన్నీ రెండు జడలే. ఆమె చూస్తూ నిలబడి, గేటు ఖాళీ అయ్యాక వెళ్ళిపోయేది. దక్షిణామూర్తి ఇది గమనించాడు. ఒకటి రెండుసార్లు దగ్గరికి పోయి మాట్లాడదామనుకుని, ఏం మాట్లాడాలో తెలియక తన గదిలోకి వెళ్ళిపోయాడు. పిల్లలకు భయం పట్టుకుంది. చచ్చిపోయిన పిల్లను వెతుక్కుంటోందని ఒకరు, చెయ్యి పట్టుకుంటే మనమూ పోతామని ఒకరు చెప్పుకున్నారు. చాలామంది ఆడపిల్లలు వెనక గోడ కూలిన చోటు నుంచి దూకి పోసాగారు.

అదే ఏడో తరగతిలో హుసేన్‌బీ అని ఒక పిల్ల ఉండేది. గనిలో సమ్మెట కొట్టే దస్తగిరి కూతురు. బడి మొత్తంలో అల్లరికి ఆ పిల్ల పేరే ముందు చెప్పేవాళ్ళు. మగపిల్లలతో కొట్లాడేది, గోడలెక్కేది, పంతులు పాఠం చెబుతుంటే కిటికీలోంచి బయటికి చూసేది. యూనిఫాం వచ్చి అందరినీ మార్చినా ఆ పిల్లను మార్చలేదని తోటి పంతుళ్ళు దక్షిణామూర్తిని ఆటపట్టించేవాళ్ళు. ఒక సాయంత్రం ఏదో తప్పు చేసినందుకు ఆ పిల్లను తరగతిలో ఆపి, అందరూ పోయాక వదిలారు. బయటికి వచ్చేసరికి గేటు దగ్గర మార్తమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె అప్పటికే ఇంటి వైపు తిరిగి ఉంది. వెనక అడుగుల చప్పుడు విని, తల పూర్తిగా తిప్పకుండానే చెయ్యి చాపింది.

"పోదామా?" అంది.

హుసేన్‌బీకి ఏం చేయాలో తెలియలేదు. పరుగెత్తవచ్చు. ఆ పిల్ల పరుగెడితే ఎవరికీ అందదు. కానీ ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది. పోయి పట్టుకుంది. ఇద్దరూ నడిచారు. మార్తమ్మ దారి వైపే చూస్తూ నడిచింది. కాసేపటికి అడిగింది, ఈ పొద్దు బళ్ళో ఏం చెప్పినారని. హుసేన్‌బీకి జవాబు లేదు. ఆ రోజు ఏ పంతులు ఏం చెప్పాడో ఆ పిల్ల వినలేదు. ఆ రోజే కాదు, ఏ రోజూ వినలేదు. చెప్పడానికి ఏమీ లేకపోవడం తనకు మొదటిసారి సిగ్గనిపించిందని తరువాత ఎప్పుడో వాళ్ళమ్మతో అన్నదట. మలుపు దగ్గర మార్తమ్మ చెయ్యి వదిలి చర్చి వీధిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ పిల్ల ఒక్క పాఠం విన్నది. నదులు ఎక్కడ పుడతాయో సోషలు పంతులు చెబుతుంటే, సాయంత్రం అప్పజెప్పాలి గనుక చెవి పెట్టి విన్నది. గేటు దగ్గర చెయ్యి అందించి, అడగకముందే చెప్పడం మొదలుపెట్టింది. మార్తమ్మ ఊఁ కొడుతూ నడిచింది. మధ్యలో ఆపి, నీళ్ళు కొండ మీదికి ఎట్టా ఎక్కినాయని అడిగింది. అది హుసేన్‌బీకి తెలియదు. దానికోసం మర్నాడు పంతుల్నే అడిగింది. పంతులు ఆశ్చర్యపోయి, మేఘాల సంగతి అంతా వివరంగా చెప్పాడు. అలా రోజూ జరిగింది. గేటు ఖాళీ అయ్యాక నడిచేవాళ్ళు గనుక పంతుళ్ళ కంట పడలేదు. ఇద్దరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోలేదు. సువార్త మాట ఎవరూ ఎత్తలేదు. హుసేన్‌బీ తల్లి మస్తాన్‌బీకి ఇరుగుపొరుగు చెప్పారు, చచ్చిపోయిన పిల్ల చోట్లో నీ పిల్లను నడిపించడం మంచిది కాదని. ఆమెకూ లోపల బెరుకు లేకపోలేదు. అయినా కూతురుతో ఇలా అంది.

"కన్నబిడ్డను మట్టిలో పెట్టిన మనిషి. నాలుగడుగులు కలిసి నడిస్తే నీ కాళ్ళేం అరగవులే."

ఆ ఏడాది చివరకు హుసేన్‌బీ వేరే పిల్ల అయిపోయింది. రోజంతా వినకుండా సాయంత్రం చెప్పడం కుదరదు గనుక అన్ని పాఠాలూ వినడం మొదలుపెట్టింది. వినేవాళ్ళకు కొట్లాడే తీరిక ఉండదు. పరీక్షల్లో తరగతిలో మొదటి నలుగురిలో వచ్చింది. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారికి దక్షిణామూర్తి ఆ పిల్లను పిలిచి చూపించాడు. నిరుడు ఎలా ఉండేదో, ఈసారి ఎలా ఉందో చెప్పి, ఇది యూనిఫాం చేసిన పని అన్నాడు. అది అబద్ధమని మీరు ఎలా అంటారు, అని మాస్టారు మమ్మల్ని అడిగారు.

వేసవి సెలవుల ముందు దక్షిణామూర్తి ఇంకొకటి గమనించాడు. నీలం గుడ్డ అందరికీ ఒకేలా వెలిసిపోలేదు. ఉన్నవాళ్ళు మధ్యలో కొత్తవి కుట్టించుకున్నారు. లేనివాళ్ళవి బూడిదరంగుకు తిరిగాయి. దూరం నుంచి చూస్తే మళ్ళీ ఎవరు ఎవరో తెలిసిపోతోంది. తాను కష్టపడి చెరిపిన గీత మళ్ళీ కనబడేసరికి ఆయనకు నిద్ర పట్టలేదు. త్వరగా వెలిసిపోని గుడ్డ కోసం విచారించి, ముదురు ఎరుపు గళ్ళది దొరికితే, మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి అందరికీ దాన్నే తెప్పించాడు. బళ్ళు తెరిచేనాటికి ప్రతి పిల్ల ఇంటికీ కొత్త జత అందింది. హుసేన్‌బీకీ అందింది. ఆ పిల్ల సంతోషంగానే తొడుక్కుని బడికి పోయింది.

ఆ సాయంత్రం మార్తమ్మ వచ్చి తన చోట నిలబడింది. సెలవుల్లో ఆమె ఎలా గడిపిందో ఎవరూ చూడలేదు. బడి తెరుస్తారని మాత్రం షెడ్డులో అందరితో అన్నది. గంట మోగింది. ఎర్ర గళ్ళ బట్టల్లో పిల్లలు బయటికి వచ్చారు. ఆమె కళ్ళు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి పోతూ, ఎక్కడా నిలవలేదు. హుసేన్‌బీ గుంపులోంచి తప్పుకుని ఆమె దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. మార్తమ్మ ఆ చెయ్యి చూసింది. తరువాత తల ఎత్తి ముఖం చూసింది. అన్నాళ్ళు కలిసి నడిచినా ఆమె ఆ ముఖం చూడటం అదే మొదలు.

"నువ్వు దస్తగిరి కూతురివి కదూ. హుసేన్‌బీవి" అంది. కోపంగా కాదు, ఎంతో మర్యాదగా అంది. "ఇంటికి పో తల్లీ. మీ అమ్మ చూస్తా ఉంటాది."

చెయ్యి పట్టుకోలేదు. కొంగు సర్దుకుని ఒక్కతే నడిచిపోయింది. హుసేన్‌బీ చాపిన చెయ్యి దించుకోవడానికి చాలాసేపు పట్టిందని అక్కడ ఉన్న పిల్లలు తరువాత చెప్పారు.

మర్నాడు ప్రార్థన వరసల్లో అన్నీ ఎర్ర గళ్ళ మధ్య ఒక్క నీలం పావడా కనిపించింది. పొట్టిదైపోయి మోకాళ్ళ పైకి వచ్చింది. దక్షిణామూర్తి పిలిచి, కొత్తది అందలేదా అని అడిగాడు. అందిందన్నది. పాడైందా అంటే కాలేదన్నది. మరెందుకు ఇది అంటే తల వంచుకుంది. ఆయన రెండోసారి గట్టిగా అడిగాడు.

"ఇదే వేసుకుంటా సార్" అంది.

ఇంకేమీ చెప్పలేదు. చెబితే ఏమయ్యేదో మనకు తెలియదు. ఆ పిల్లకు అది తనది కాదు, ఇంకొకరి దుఃఖం. పదిమందిలో విప్పి పెట్టే హక్కు తనకు లేదనుకుంది కాబోలు. ఆయన ఇంటికి పంపాడు, కొత్తది వేసుకుని రమ్మని. మరుసటి రోజు కూడా నీలం పావడాతోనే వచ్చింది. ఒక్కరిని వదిలేస్తే రేపు ఉన్నవాళ్ళ పిల్లలు పట్టుబట్టలతో వస్తారని, అప్పుడు లేనివాళ్ళ పిల్లలు మళ్ళీ గోడ వారకే పోతారని ఆయన భయం. ఆ భయం అబద్ధమూ కాదు. అందుకని గేటు లోపలికి రానీయలేదు. పాత అల్లరే మళ్ళీ తల ఎత్తిందనుకున్నాడు. హుసేన్‌బీ తిరిగి ఇంటికి పోలేదు. గేటు బయట, మార్తమ్మ నిలబడే చోట, సాయంత్రం గంట దాకా నిలబడింది. ఎండ ఎక్కితే గోడ నీడకు జరిగింది, అంతే. లోపల ఎనిమిదో తరగతి పాఠాలు నడుస్తున్నాయి. కొన్ని మాటలు బయటికి వినిపించేవి. వాటినే పెదవులు కదుపుతూ మళ్ళీ అనుకునేదట.

మార్తమ్మ రాలేదు. ఆమె ఆ దారి మానేసి, గనుల వెనక నుంచి చుట్టు తిరిగి ఇంటికి పోవడం మొదలుపెట్టింది. పిల్ల తన కోసం గేటు బయట నిలబడి ఉందని ఆమెకు తెలియదు. ఆమె వేరే దారిన పోతోందని పిల్లకు తెలియదు. రోజూ నీలం పావడా కట్టుకుని వచ్చి నిలబడింది.

ఏటా వానలకు గనుల గుంతలు నీళ్ళతో నిండితే పని ఆగిపోతుంది. అప్పుడు దస్తగిరి భార్యను తీసుకుని బేతంచెర్ల నాపరాళ్ళ గనులకు పోయేవాడు. నిరుడు పిల్ల బడి మానకూడదని అవ్వ దగ్గర వదిలి పోయాడు. ఈసారి కూతురు బడిలోకి పోకుండా గేటు బయట తిరుగుతోందని నలుగురూ చెప్పారు. అడిగితే ఆ పిల్ల ఏమీ చెప్పలేదు. చదవనిదాన్ని ఇక్కడ ఉంచి ఏం లాభమని వెంట తీసుకుపోయాడు.

తరువాత ఒకరోజు షెడ్డులో ఆడవాళ్ళు ఏవో మాట్లాడుకుంటూ, బడి గేటు కాడ నీలం పావడా కట్టుకుని నిలబడే పిల్ల బేతంచెర్ల పోయిందట అన్నారు. మార్తమ్మ చేతిలో చట్రం ఆగిపోయింది. ఏ పిల్ల అని అడిగింది. వాళ్ళు చెప్పారు. పని అక్కడే వదిలి, అన్నేళ్ళలో ఎన్నడూ దాటని గేటు దాటి లోపలికి పోయింది. దక్షిణామూర్తి కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ పిల్ల నా కోసమే ఆ బట్టలు కట్టుకుంది సారూ. తప్పు దానిది కాదు" అంది. "అది నా బిడ్డ కాదని నాకు తెలుసు. ఒక్క పూటైనా తెలియకుండా లేను. పక్కన నడుస్తా ఉంటే తల తిప్పేదాన్ని కాదు. ఓరగా ఆ నీలం అంచు కనపడతా ఉంటే చాలనుకున్నా. ఎర్ర గళ్ళలో చూసేసరికి ముఖం కనపడిపోయింది. నా దుఃఖంలో నేను పోయినాను. చెయ్యి చాపిన పిల్లను చూసుకోలేదు."

నడిచినంత కాలం ఆ పిల్ల ఏమేం చెప్పిందో కూడా చెప్పింది. నదులు, మేఘాలు, భాగహారం, అన్నీ. అక్షరం రాని మనిషి ఏడో తరగతి పాఠాలు వరసగా అప్పజెబుతుంటే దక్షిణామూర్తి వింటూ కూర్చున్నాడు. హుసేన్‌బీ ఎందుకు మారిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆయన మర్నాడే బేతంచెర్ల పోయాడు. బండల మధ్య వాకబు చేసుకుంటూ పోతే మధ్యాహ్నానికి దస్తగిరి కనబడ్డాడు. పిల్ల లంగా మీద వాళ్ళ నాన్న చొక్కా తొడుక్కుని రాళ్ళు మోస్తోంది. నెత్తిన చుట్టకుదురుగా పెట్టుకున్న గుడ్డ నీలంగా ఉంది. ఆయన చూసి, అదేమిటని అడగలేదు. బడికి రమ్మన్నాడు. ఏ బట్టలు కట్టుకుని వచ్చినా ఫరవాలేదన్నాడు, ఎవరూ ఏమీ అనరన్నాడు. పిల్ల రాయి దించి, చేతులు తుడుచుకుని ఆయన్ను అడిగింది.

"మార్తమ్మ గేటు కాడికి వస్తా ఉందా సార్?"

ఆయనకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాడు. రావడం లేదన్నాడు.

"అయితే పాఠం ఎవురికి చెప్పాల సార్?"

దక్షిణామూర్తి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆయన దస్తగిరి వైపు చూశాడు. దస్తగిరి కలగజేసుకుని, వానలు తగ్గినాక చూద్దాం సారూ అన్నాడు. పిల్ల మళ్ళీ రాయి ఎత్తుకుంది. ఆయన తిరుగు బస్సెక్కాడు. నాకు చెప్పమ్మా, నేను వింటాను, అనే మాట ఆయన నోటికి వచ్చేసరికి బస్సు నంద్యాల దాటి, అడవి దాటి, గిద్దలూరు వచ్చేసింది.

ఊరు చేరగానే మార్తమ్మకు పిల్ల అన్న మాట చెప్పాడు. ఆమె వారం కూలి చేతికి రాగానే కొత్త నీలం గుడ్డ కొని, తనే బేతంచెర్ల పోయింది. అంత దూరం ఒంటరిగా పోవడం ఆమెకు అదే మొదలు. అప్పటికి దస్తగిరి వాళ్ళు అక్కడ లేరు. తాడిపత్రి వైపు పోయారని ఒకరు, కాదు ఇంకెక్కడికో అని ఒకరు అన్నారు. ఆమె తాడిపత్రి దాకా పోయి, బండల ఫ్యాక్టరీలన్నీ తిరిగి, ఎవరూ ఏమీ చెప్పలేకపోతే తిరిగి వచ్చింది. వానలు తగ్గాయి. గుంతల్లో నీళ్ళు ఇంకి గనుల పని మొదలైంది. దస్తగిరి కుటుంబం మాత్రం ఆ ఊరికి రాలేదు. కొన్నాళ్ళకు అవ్వను కూడా ఎవరో బంధువులు వచ్చి తీసుకుపోయారు. ఆ పిల్ల ఎక్కడ ఉందో, చదివిందో లేదో దక్షిణామూర్తి పోయేదాకా ఆయనకు తెలియలేదు.

చెన్నకేశవయ్య మాస్టారు అక్కడితో ఆపారు. మాలో ఒకడు, ఆ హెడ్మాస్టరు మొదటి రోజే ఆ పిల్లను పక్కకు పిలిచి మెల్లగా అడిగి ఉంటే బాగుండేది అన్నాడు. తిరుపాలు తలవంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. వచ్చేటప్పుడు అతని మాటల్లో ఉన్న ఉరుకు ఇప్పుడు లేదు. చివరకు నెమ్మదిగా అడిగాడు, అయితే యూనిఫాం పెట్టవద్దంటారా మాస్టారూ, అని.

"పెట్టు నాయనా" అన్నారు మాస్టారు. "అందరికీ ఒకటే గుడ్డ పెట్టు. పెట్టిన రోజు నుంచి ఒక్కొక్కరి ముఖం చూసుకునే పని నీకు ఎక్కువవుతుంది."